వదిన పచ్చిపులుసు నూడుల్స్

మొన్న ఒకమ్మాయి ఫోను పట్టుకొని మా గదికి వచ్చింది. పుట్టి పెరిగిందంతా సూరత్‌లోనే. తాతల ఊరు సిరిసిల్ల పక్కన అని చెప్పింది గానీ, అది ఏ దిక్కున ఉంటుందో ఆ పిల్లకు తెలియదు. వింత వింత తిండ్ల మీద వీడియోలు తీస్తుందట.

"ఆంటీ, మీ బండి గురించి మస్తు విన్న. మా పప్పా ఇప్పటికీ చెప్తడు, గోడాదరా బస్తీల ఠండా నూడుల్స్ దొరుకుతుండె అని. ఎందుకు బందు చేసిన్రు? లాస్ వచ్చిందా?"

"లేదు బిడ్డా," అన్నాను.

అంతకు మించి ఫోను ముందు చెప్పబుద్ధి కాలేదు. చాయ్ తాగించి పంపేశాను. అయితే ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. బండి పెట్టుకొని బతుకుదామనుకునే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళకు తెలియాలి గదా అని కాయితం మీద పెడుతున్నాను. ఇక్కడి తెలుగు మీడియం బడిలో ఏడు దాకా చదివిన దాన్ని. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

బండి మా వదినది. వదిన అంటే మా అన్న భార్య. అన్న మగ్గాల కార్ఖానాలో పనిచేసి, ఆ దూది పీల్చి పీల్చి ఛాతీ జబ్బుతో పోయాడు. నా పెనిమిటి అంతకు ముందే పోయాడు. ఇద్దరికీ పిల్లలు లేరు. ఒకే గదిలో ఉంటూ, చీరలకు రాళ్ళు అంటించే పని ఇంటికి తెచ్చుకొని చేసేవాళ్ళం. కళ్ళు మసకబారడం మొదలయ్యాక వదిన ఒకరోజు జిగురు డబ్బా పక్కన పెట్టి, "పిల్లా, గీ రాళ్ళు అంటిచ్చుడు ఇగ నాతోని గాదు. నాకు వండుడొక్కటే వస్తది" అంది. నాకు నలభై దాటినా వదినకు నేను పిల్లనే.

మొదట మిరపకాయ బజ్జీలు వేశాం. మా పక్కన చైనీస్ బండి పెట్టుకున్న నేపాలీ అతను ఊరికి పోతూ తన పొయ్యి మాకు అమ్మాడు. పొయ్యితో పాటు మిగిలిపోయిన నూడుల్స్ పెట్టె, సాసు సీసాలు కూడా ఇచ్చిపోయాడు. వదిన ఒక్కో సీసా మూత తీసి వాసన చూసి, "దవాఖాన్ల తిరిగినట్టున్నది" అని అన్నీ పక్కన పెట్టేసింది. నూడుల్స్ మాత్రం పారేయబుద్ధి కాలేదు. తిండి పారేసే మనిషి కాదు.

అది ఎండాకాలం. ఇంట్లో మాకోసం పచ్చిపులుసు చేసుకున్నాం. చింతపండు పిండి, మిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలిపి, ఉల్లిగడ్డ, జీలకర్ర, దంచిన నువ్వులు వేసే మన పచ్చిపులుసే. వదిన ఆ నూడుల్స్ ఉడకబెట్టి, చల్లని నీళ్ళలో కడిగి, అందులో వేసింది. నేను మూతి ముడిచాను. తిన్నాక గిన్నె మళ్ళీ చాచాను.

మగ్గాల షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు ఒళ్ళంతా కాగిపోయి ఉంటుంది. నోట్లో దూది అంటుకున్నట్టు ఉంటుంది. అలాంటి మనిషికి వేడి వేడి తిండి పెడితే దిగదు. చల్లగా, పుల్లగా, కారంగా గొంతులోకి జారే ఆ నూడుల్స్ కోసం పర్వత్ పాటియా నుంచి కూడా వచ్చేవాళ్ళు. తర్వాత వదిన ధైర్యం పెరిగింది. ఉడికిన నూడుల్స్ తరిగి, బియ్యప్పిండి, పల్లీలు కలిపి, సర్వపిండిలాగా పెనం మీద ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి ఎర్రగా కాల్చేది. ఒడిశా మగ్గం పనివాళ్ళ కోసం ఎండు రొయ్యలు వేసి చేసేది. చూసినవాళ్ళు మొదట నవ్వేవాళ్ళు. మా బండికి అదే పేరు పడింది, నవ్వి తినే బండి అని.

నా పని తరగడం, కడగడం, పళ్ళేలు అందించడం. వంట జోలికి నన్ను రానిచ్చేది కాదు. తను కూడా రుచి చూసేది కాదు. గరిటె ముక్కు దగ్గర పెట్టుకొని, ఉప్పు చాలదనో, పులుపు ఎక్కువైందనో చెప్పేది. ఉప్పుకు వాసనేముంటుందని నేను ఎగతాళి చేసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

మాకు రోజూ వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. సైజింగ్ యూనిట్‌లో, అంటే నూలుకు గంజి పట్టించే చోట పని. జగిత్యాల దిక్కు మనిషి. భార్య ఊళ్ళోనే బీడీలు చేసుకుంటూ ఉంటే, తను ఇక్కడ పదిమందితో ఒక గదిలో ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు. తిన్న పళ్ళెం తానే కడిగిపెట్టి, "మంచిగుంది అక్కా" అని చెప్పి పోయేవాడు. ఆ ఒక్క మాట కోసం వదిన పని చేస్తూనే చెవి అటు పెట్టేది.

మొదటి లాక్‌డౌన్‌లో బండికి గొలుసు వేశాం. మా గల్లీలో మగ్గాల చప్పుడు ఆగిపోతే నాకు చెవులు పనిచేయడం మానేశాయేమో అనిపించింది. గదుల్లో ఇరుక్కున్నవాళ్ళు రైళ్ళ కోసం ఎదురుచూశారు. కొందరు కడోదరా దాకా, అక్కడి నుంచి హైవే పట్టుకొని నడుచుకుంటూ పోయారు. మేము ఎక్కడికి పోతాం. మాకు ఊళ్ళో ఇల్లు లేదు. ఉన్న బియ్యం, ఉన్న నూడుల్స్‌తో గడుపుకున్నాం. కొన్ని నెలలకు మగ్గాలు మళ్ళీ తిరిగాయి, మనుషులు తిరిగి వచ్చారు, సైజింగ్ పెద్దాయనా వచ్చాడు. బతికి బయటపడ్డామనుకున్నాం. బండి ముందు సబ్బునీళ్ళ డబ్బా పెట్టాం. మాస్కు గడ్డం కిందికి లాక్కొని తినడం అందరికీ అలవాటైపోయింది.

తర్వాతి ఎండాకాలం కరోనా మళ్ళీ వచ్చింది. ఈసారి మా గల్లీ లోపలికే వచ్చింది. మొదటిసారి వినడమే గానీ చూడలేదు. ఈసారి పొద్దున్నే ఎవరో ఒకరి ఇంటి ముందు అంబులెన్సు. అయినా ఈసారి మగ్గాలు పూర్తిగా ఆగలేదు. సాయంత్రం కర్ఫ్యూ గనక మేము మధ్యాహ్నమే బండి పెట్టి, పోలీసులు వచ్చేలోపు మూసేవాళ్ళం.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. షిఫ్టు దిగినవాళ్ళు బండి చుట్టూ మూగి ఉన్నారు. ఒక కుర్రవాడు రెండు ముద్దలు తిని పళ్ళెం దించేశాడు.

"మాసీ, నమక్ కా డబ్బా ఉలట్ గయా క్యా?" అన్నాడు, ఉప్పు డబ్బా మొత్తం ఒలికిందా అని.

"ఎండకు నీ నోరే చెడిపోయింది," అంది వదిన, తల ఎత్తకుండా.

ఇంకొకరు కూడా పళ్ళెం పక్కన పెట్టారు. నేను గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. పచ్చి ఉప్పు. సైజింగ్ పెద్దాయన వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే నిదానంగా తింటున్నాడు. మొత్తం తిని, పులుసు కూడా తాగి, పళ్ళెం కడిగి పెట్టాడు.

"మంచిగుంది అక్కా," అన్నాడు.

వదిన ఆ మాట పట్టించుకున్నట్టు లేదు. ఇంకో వాయ కోసం మంట మీద మిరపకాయలు పెట్టింది. అవి కాలాయి. తర్వాత మాడాయి. ఆ ఘాటు గాలిలోకి లేచింది. మిరపకాయ మాడిన ఘాటు మీకు తెలుసు గదా. ముందు కుర్రవాడు దగ్గాడు, తర్వాత వాడి పక్కవాడు, తర్వాత అందరూ. ఆ రోజుల్లో దగ్గు వినబడితే మనుషులు వణికిపోయేవాళ్ళు. ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ, మాస్కులు పైకి లాక్కుంటూ వెనక్కి జరిగారు. నా కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. వదిన మాత్రం ఆ పొగ మీదే వంగి నిలబడి, నల్లగా మాడిపోయిన కాయలను పట్టుకారుతో తిప్పుతూ ఉంది.

"ఏమైంది పిల్లా, అందరు గట్ల దగ్గుతున్నరు?" అని నన్ను అడిగింది.

పొయ్యి ఆర్పేసి, ఆమె చెయ్యి పట్టుకొని బండి వెనక్కి తీసుకుపోయాను.

"వదినా, నీకు వాసన వస్తున్నదా?"

చేతిలోని పట్టుకారును కొంగుతో తుడుస్తూ ఉంది.

"వదినా."

"నిన్నటి సంది వస్తలేదు," అంది. "జలుబనుకున్న."

"అనుకున్నవా? అనుకోవాలనుకున్నవా?"

"ఏమంటవ్ పిల్లా ఇప్పుడు? వాసన ఎరుకలేని వంటామె బండికాడికి ఎవడొస్తడు? నిన్నంత గదే సోచాయిస్తున్న. పొద్దుగాల లేవంగనే వస్తదేమో అనుకున్న. అల్లం తీసి ముక్కుకాడ పెట్టుకున్న. మట్టిగడ్డ పెట్టుకున్నట్టే ఉన్నది."

అంతవరకు నేను ఆమె భయపడటం చూడలేదు. అన్న పోయినప్పుడు కూడా ఏడ్చింది గానీ భయపడలేదు.

"తలనొప్పి అని చెప్పి బండి మూసేద్దాం, ఇంటికి పోదాం పా. మెల్లగ చూసుకుందాం," అన్నాను.

వదిన బండి మీద బోర్లించిన పళ్ళేల వైపు చూసింది. పైన ఉన్నది సైజింగ్ పెద్దాయన కడిగిపెట్టిన పళ్ళెం. ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఆయన మొత్తం తిన్నడు," అంది.

తర్వాత మాస్కు సరిగ్గా కట్టుకొని, ముందుకు పోయి, జనానికి దూరంగా నిలబడి చెప్పింది. ముందు తెలుగులో, తర్వాత తనకొచ్చిన వంకర హిందీలో.

"నాకు వాసన పోయింది. నిన్నటి సంది లేదు. నా చేతి తిండి తిన్నోళ్ళు పోయి పరీక్ష చేయించుకోండ్రి. ఇంట్ల ముసలోళ్ళు, పిల్లలు ఉంటే జర దూరముండుండ్రి."

అందరికంటే ముందు గొంతు లేచింది మా పక్కన వడాపావ్ బండి పెట్టుకున్న మరాఠీ అతనిది. "మమ్మల్ని చంపేశారు మీరు. ఇక ఈ లైన్లో ఎవడి బండికి ఎవడొస్తాడు?" అని హిందీలో అరిచాడు. అతను అన్నది నిజమే. తర్వాత అందరి గొంతులూ కలిశాయి. ఎవరు తోశారో చూడలేదు గానీ, పులుసు గిన్నె రోడ్డు మీద పడింది. చింతపండు నీళ్ళు, ఉల్లిగడ్డ ముక్కలు దుమ్ములో కలిసిపోయాయి.

సైజింగ్ పెద్దాయన వంగి ఆ గిన్నె తీసి బండి మీద పెట్టాడు.

"జర ఆగుండ్రి," అన్నాడు. ఆయన గట్టిగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి. "ఆమె చెప్పింది గదా. చెప్పకపోతే మనకెట్ల ఎరుకైతుండె? పోండ్రి, ఎవరి పని వాళ్ళు చూసుకోండ్రి." తర్వాత వదినతో, "నువ్వు పోయి పండుకో అక్కా," అన్నాడు.

గదికి వచ్చాక వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంటి ఓనరు కింద నుంచే కేక వేసి, గది ఖాళీ చేయమన్నాడు. ఆ వారంలోనే అతనూ మంచం పట్టాడు. ఖాళీ చేయమని మళ్ళీ అడగడానికి ఎవరూ రాలేదు. నేను ఇప్పటికీ అదే గదిలో ఉన్నాను.

రెండో రోజుకే జ్వరం, ఆయాసం. ఆటోవాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. నేను రోడ్డు మీద నిలబడి చేతులు ఊపుతుంటే ఒక టెంపో వచ్చి ఆగింది. నడిపేది ఆ వడాపావ్ అతనే. ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడట. వదినను వెనక పడుకోబెట్టాం. దవాఖానా దాకా దారి పొడుగునా అతను మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, "ఊపిరి ఆడుతోందా, చూడు," అని అడిగేవాడు. మళ్ళీ తిట్లు అందుకునేవాడు. అన్ని తిట్లు తింటూ కూడా ఒక మనిషికి అంత రుణపడటం నాకు మళ్ళీ జరగలేదు.

దవాఖానా గేటు దగ్గర చాలాసేపు ఉన్నాక ఆమెను లోపలికి తీసుకున్నారు. నన్ను గేటు బయటే ఆపి పరీక్ష చేశారు. నాకూ ఉందన్నారు. నాకు తుమ్ము కూడా లేదు. గదిలోనే ఉండాలని పంపించేశారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, నేనే ఆమెకు తెచ్చిపెట్టానో, ఏ డాక్టరూ చెప్పలేడు.

తర్వాత మాకు మిగిలింది ఫోను. మాట్లాడే ఓపిక ఉన్నప్పుడు వదినే చేసేది.

"గీడ గంజి ఇస్తున్నరు పిల్లా. ఉప్పుందో లేదో ఎరుకైతలేదు. పక్క మంచమామెను అడిగిన. ఉన్నదన్నది."

"తాగుతున్నవా మరి?"

"ఆమె ఉన్నదన్నది గదా. తాగిన."

ఇంకోసారి, గొంతు బాగా సన్నబడ్డాక, అడిగింది. "సైజింగాయన ఎట్లున్నడు?"

అప్పటికే ఆయనకు జ్వరమని, గదిలోవాళ్ళు దవాఖానాకు తీసుకుపోయారని వడాపావ్ అతను కిటికీ కింద నుంచి చెప్పిపోయాడు. వదినతో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. జ్వరమట అని చెప్పాను.

"మొత్తం తిన్నడు గదా పిల్లా," అంది.

అదే చివరి మాట. మర్నాడు పొద్దున దవాఖానా నుంచి వేరే ఎవరిదో గొంతు వచ్చింది. కడసారి చూడటానికి రావచ్చా అని అడిగితే, నాకు రోగం ఉంది గనక కుదరదన్నారు. దహనవాటికలో పొయ్యిలు చల్లారే తీరిక లేని రోజులవి. శవాల బండ్లు వరుసగా నిలబడి ఉండేవి. నా బదులు వడాపావ్ అతనే పోయి దూరంగా నిలబడ్డాడు. తిరిగి వచ్చి కిటికీ కింద నుంచి, "అయిపోయింది దీదీ," అన్నాడు. ఆ రోజు తిట్టలేదు.

సైజింగ్ పెద్దాయన కూడా ఆ నెలలోనే పోయాడు. ఆ మధ్యాహ్నం మా బండి దగ్గర ఉన్నవాళ్ళలో మిగిలినవాళ్ళు, నాకు తెలిసినంతవరకు, బతికే ఉన్నారు. ఈ రోగం తిండిలో రాదని, ఊపిరిలో వస్తుందని తర్వాత డాక్టర్లు చెప్పారు. అయితే మా బండి దగ్గర ఒకరి ఊపిరి ఇంకొకరికి తగలకుండా ఎవరు తిన్నారు గనక. ఆయన ఉండేది పదిమంది ఉన్న గది. పనిచేసేది తలుపులు మూసిన సైజింగ్ షెడ్డు. ఎక్కడ పట్టుకుందో ఎవరికి తెలుసు.

వానలు పడ్డాక బండి మళ్ళీ తీశాను. సాసు సీసాలు కొన్నాను. అందరూ చేసే నూడుల్స్ అందరిలాగే చేశాను. పాత గిరాకీ వచ్చి ఠండా నూడుల్స్ అడిగేవాళ్ళు. లేవని చెబితే కాసేపు నిలబడి, ఉన్నది తిని పోయేవాళ్ళు. మోకాళ్ళు పట్టేదాకా అలాగే నడిపి, బండి అమ్మేశాను. మంచి రోజులు, చెడ్డ రోజులు కలిపి బండి మీద నా నౌకరీ అది.

వీడియో పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇంతటితో అయిపోవాలి. అయితే ఇంకొకటి ఉంది.

బండి మళ్ళీ తీసిన కొత్తలో, ఒక మధ్యాహ్నం మా గది తలుపు దగ్గర ఒకామె నిలబడింది. చేతిలో రెక్సిన్ సంచి. చూపుడువేలు, బొటనవేలు కొసలు నల్లబడి ఉన్నాయి. బీడీలు చేసే చేతులని చూడగానే తెలిసింది. ఎవరో ఆమె చెప్పకముందే తెలిసింది.

"ఆయన సామాను తీసుకపోవడానికి వచ్చిన," అంది. "గదిలోళ్ళు చెప్పిన్రు, మీ బండికాడ తినేటోడని."

లోపలికి రమ్మన్నాను. నీళ్ళిచ్చాను. తాగలేదు.

"అక్కా, ఒక్కటి అడుగుత. కొట్లాటకు రాలే. మీ వదినె కాడికెల్లే వచ్చిందా ఆయనకు?"

"నాకు ఎరుక లేదు చెల్లె," అన్నాను. "వచ్చి ఉండచ్చు. ఆఖరి రోజు ఆయన మా కాడ తిన్నడు. ఆ రోజే మా వదిన చెప్పింది తనకు వాసన పోయిందని."

ఆమె తల దించుకొని కూర్చుంది. బయట మగ్గాలు కొడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు అలవాటు లేని మనిషి గనక ఉలిక్కిపడుతూ ఉంది.

"ఆ రోజు మంచిగుండెనా మరి? తిండి?"

చెప్పక తప్పలేదు. "లేకుండె. మస్తు ఉప్పు. అందరు పక్కకు పెట్టిన్రు. ఆయనొక్కడే మొత్తం తిని, మంచిగుందని చెప్పిండు."

ఆమె నవ్వినట్టు అనిపించింది. నవ్వు కాదు.

"గట్లనే చేస్తడు. నేను ఉప్పు మర్చిపోయినా గట్లనే తింటుండె. జర నోరు తెరిచి మంచిగ లేదంటే ఏం పోతుండె ఆయనకు?" అంది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "పక్కకు పెట్టి పోతే ఏం పోతుండె?"

నీళ్ళ గ్లాసు మళ్ళీ ఆమె దగ్గరికి జరిపాను. ఈసారి తాగింది. కాసేపటికి, ఆయన రోజూ ఏం తినేవాడని అడిగింది. ఫోనులో చెబితే తనకు అర్థమయ్యేది కాదంది. సేమ్యాలను చింతపండు నీళ్ళలో వేసుకొని తింటారంటే ఊళ్ళో అందరూ నవ్వారంది.

లేచి పొయ్యి వెలిగించాను. వదిన చేస్తుంటే పక్కన నిలబడి నేను వేలసార్లు చూసినదే. చింతపండు పిండాను, మిరపకాయలు కాల్చాను, నువ్వులు దంచాను. గరిటె ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ఏమీ తెలియలేదు. నాలుకతోనే చూసుకున్నాను. నూడుల్స్ కొంచెం మెత్తబడ్డాయి. పులుపు ఎక్కువైంది. ఉన్నదున్నట్టు పళ్ళెంలో పోసి ఆమె ముందు పెట్టాను.

ఒక ముద్ద తింది. ఇంకొకటి తింది.

"గిదేనా అక్కా, ఆయన తిన్నది?"

"గిది కాదు చెల్లె," అన్నాను. "అది మంచిగుండె."

ఆమె తల ఊపి, పళ్ళెం దగ్గరికి జరుపుకుంది. తినడం ఆపలేదు.